ఏడాది మాగిన గోధుమలు

మా ఆయనకు షుగరు అని తేలిన రోజు నుంచి మా ఇంట్లో రాత్రిపూట అన్నం పోయి చపాతీ వచ్చింది. తరతరాలుగా వరి తిని బతికినవాళ్లం, గోధుమ గురించి మాకు తెలిసింది సున్నా. ఆ సంగతి ఒప్పుకునే అలవాటు మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు. మా అత్తగారు గవర్నర్‌పేట హోల్‌సేల్ కొట్టు నుంచి గోధుమల బస్తా తెప్పించి, బియ్యానికి చేసే మర్యాదే దానికీ చేశారు. ఏడాదిపాటు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాతబడితేనే బాగా అరుగుతాయట. అప్పటిదాకా ప్యాకెట్ పిండితో సరిపెట్టుకోమన్నారు.

బస్తాకి దొరికిన చోటు స్నానాల గది గోడ పక్క. వానాకాలమంతా ఆ గోడ చెమ్మగిల్లుతూనే ఉంది. కాస్త జరపండి మహాప్రభో అంటే మా ఆయనకు నడుంనొప్పి గుర్తొచ్చేది. పెళ్లిళ్లలో బంతి మొత్తం వంగి వంగి వడ్డించేటప్పుడు అదే నొప్పి ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

పురిటికి వచ్చిన మా అమ్మాయి ఇంకా ఇక్కడే ఉండగా బిడ్డకు ఏడో నెల వచ్చింది. మునిమనవరాలి ఉగ్గుకి మాగిన గోధుమలే మంచివని అత్తగారు బస్తా విప్పించారు. గోడవైపు గింజలు నల్లబడి ఉండలు కట్టాయి. తడి గోనె కంపు గదంతా నిండింది.

“బూజు పట్టింది అత్తయ్యా, పారేద్దాం.”

“ఎండలో పోస్తే అదే పోద్ది. అన్నీ పారేస్తే ఏం తింటాం?”

మా ఆయన నడుము సంగతి మరిచిపోయి బస్తా మొత్తం డాబా మీదికి మోశారు. రెండు రోజులు ఎండబెట్టారు, ఏరారు, కడిగి మళ్లీ ఎండబెట్టారు. పైన కనిపించే బూజు పోతుందేమో గాని అది గింజలోకి వదిలిన విషం ఎండకీ పోదు, కడిగినా పోదు, వేయించినా పోదు, పసిదాని కాలేయం దాన్ని తట్టుకోలేదు అని చెప్పాను. నేను చదివింది బోటనీ అని కూడా గుర్తుచేశాను. ప్రతిదానికీ వాదనేనా అమ్మా అని నా కూతురే విసుక్కుంది.

మర్నాడు గోధుమల డబ్బా నా చేతికే ఇచ్చి పిండిమరకు బయలుదేరదీశారు. నేను దారిలో పారబోస్తానని అనుమానం కాబోలు, అత్తగారూ ఆటో ఎక్కారు. మర నడిపే ఆయన గుప్పెడు తీసి వాసన చూసి, మళ్లీ డబ్బాలోనే పోశాడు.

“ఇది నా మరలో పొయ్యనండి మామ్మగారూ. తర్వాత వచ్చేవాళ్ల పిండికి కూడా అంటుద్ది. ఎవరికండీ ఇది?”

“పసిదానికి” అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి.

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు, అంతే. నా చదువు రెండు రోజులు గొంతు చించుకుని సాధించలేనిది ఆ చూపు క్షణంలో సాధించింది.

ఇంటికి రాగానే అత్తగారు, పోనీ పనిమనిషికి ఇచ్చెయ్, వాళ్లకు ఇలాంటివి పడతాయి అన్నారు. ఆ పనిమనిషికీ ఇద్దరు పిల్లలు. ఈసారి నేను వాదించలేదు. డాబా ఎక్కి, డబ్బాలోవి కూడా మిగిలిన గింజల్లో కలిపేసి, సీసాడు ఫినాయిలు ఒంపి, చెత్తబండికి ఎత్తించాను. తినే వస్తువు మీద ఫినాయిలేమిటని అత్తగారు గుండెలు బాదుకున్నారు. అది తినే వస్తువు కాదని అందరికీ తెలియాలనే అన్నాను.

ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తల్లి పక్షాన మా ఆయన కూడా నోరు కట్టేసుకున్నారు. ఇల్లు అంత హాయిగా ఎప్పుడూ లేదు. రెండో రోజు సాయంత్రం మా అమ్మాయి బిడ్డకు బియ్యపు ఉగ్గు కాచి, నోట పెట్టబోయే ముందు గిన్నె నా ముందుకు జరిపి, ఒకసారి వాసన చూడమంది.