‘ఓడినం’ అనేటోడు

మంగళవారం పొద్దున మా మేనమామ కన్నుమూశాడు. బేగంబజార్‌లో మా స్టీలు సామాన్ల దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాను. అత్త ఫోన్ చేసింది. ‘‘మీ మామ పోయిండు బిడ్డా. జల్ది రా’’ అంది. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. ‘‘బాల్ ఆడేటోళ్ళకు గూడ చెప్పు’’ అని మళ్ళీ వినిపించింది.

నేను జహనుమాలో మామ ఇంటికి చేరేసరికి వాకిట్లో చుట్టాలకన్నా ఆటగాళ్ళే ఎక్కువ ఉన్నారు. పొట్టలు వచ్చినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, గడ్డానికి మెహందీ పెట్టుకున్నవాళ్ళు. మామతో కలిసి ఆడిన పాత గోల్‌కీపర్‌ను మేమంతా చాచా అంటాం. ఆయన ఒక ఫుట్‌బాల్ తెచ్చి, పూలదండల మధ్య మామ చేతుల పక్కన పెట్టాడు. అప్పటిదాకా ఏడుస్తున్న అత్త టక్కున ఆపింది. ‘‘చేతుల కాడ వద్దు భాయ్. హ్యాండ్ ఫౌల్ అని లొల్లి చేస్తడు. కాళ్ళ కాడ పెట్టుండ్రి.’’ ఏడుస్తూనే అందరం నవ్వాం. చాచా ఎవరినీ అడగకుండా బంతిని ఎడమ కాలి పక్కకు జరిపాడు.

మామ పేరున్న మనిషి కాదు. జహనుమాలో నాలుగు బర్రెల డెయిరీ, స్కూటరుకు వేలాడే రెండు పాల క్యాన్లు, అదీ ఆయన ఆస్తి. పొద్దున పాలు పోసేవాడు. సాయంత్రం గ్రౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పేవాడు. వయసులో ఉన్నప్పుడు లెఫ్ట్ వింగ్‌లో ఆడాడట. ఒకసారి ఇండియా టీము క్యాంపుకు పిలుపు వచ్చింది. వెళ్ళిన నాలుగో రోజు చీలమండ విరిగి, కట్టుతో రైలు దిగాడు. జెర్సీ ఒంటి మీదికి రానేలేదు. ఈ సంగతి నాకు అత్త చెప్పింది. ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు.

నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడినే. నేర్చుకున్నాను అంటే ఆ చుట్టుపక్కల ఎవరూ నమ్మరు. బంతి కాలికి దొరికితే వదిలేవాణ్ణి కాదు. మామ లైను బయటి నుంచి అరిచేవాడు. ‘‘ఏంది అల్లుడా, అది బాలా, నీ మేనత్త బిడ్డనా? సాగనంపనీకి అంత ఏడుస్తున్నవ్! పంపియ్ రా!’’ గ్రౌండ్ అంతా నవ్వేది. ఈరోజుకీ గోదాములో సామాను పంపడం ఆలస్యమైతే మా హమాలీలు ఆ మాటే నా మీద విసురుతారు.

ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు ఆ ఇల్లు వేరుగా ఉండేది. మన టీము ర్యాంకు గురించి నేను చెప్పక్కర్లేదు. పట్టికలో మన పేరు వెతకాలంటే వేలు చాలా కిందికి జరపాలి. మామకు ఆ పట్టికతో పనిలేదు. ఉతికిన చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. ఓడిపోయాక మేము లేవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ‘‘కూసోండ్రి. పోరగాళ్ళను లోపలికి పోనియ్యుండ్రి. చుట్టం పోతుంటే గేటు దాక పోమా?’’ అనేవాడు. తల వంచుకుని నడిచే ఆ పదకొండు మందీ తెర మీంచి మాయమయ్యేదాకా మాకు అత్త చేసిన చాయ్ కూడా దక్కేది కాదు.

ఆయనకు కోపం తెప్పించే మాట ఒకటే. ‘ఓడిండ్రు.’ గెలిచిన రోజు ‘గెలిచినం’ అని, ఓడిన రోజు ‘ఓడిండ్రు’ అనే నాలుకను ఆయన భరించలేకపోయేవాడు. గ్రౌండ్‌లో ఎవరైనా అలా అన్నారా, ఒక రౌండు పరిగెత్తాల్సిందే. నేను పరిగెత్తిన రౌండ్లన్నీ కలిపితే ఫలక్‌నుమా కొండ ఎక్కి దిగేంత ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ పొగరులో ఒకరోజు ఎదురు తిరిగాను. ‘‘ఆడింది వాళ్ళు, ఓడింది వాళ్ళు. మనమేం జెర్సీ ఏసుకున్నమా మామా?’’ అన్నాను. చీలమండ సంగతి నాకప్పటికి తెలియదు. తెలిసి ఉంటే నాలుక కరుచుకునేవాణ్ణి. మామ మాత్రం గొంతు పెంచలేదు. ‘‘మీ తాత పోయిననాడు పాడె మోసిన నలుగురే ఏడ్చిండ్రా?’’ అన్నాడు. నేను రౌండు కొట్టాను. అయినా ‘ఓడినం’ అనే మాట మాత్రం నా నోటికి అంటలేదు.

కొన్నేళ్ళ క్రితం ఆదివారం పొద్దున, ఒక గెలుపు ఉత్సాహంలో గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వెళ్ళాను. ‘‘మామా, నిన్న మనం గెలిచినం! మూడు గోల్స్!’’ మామ పాలు కొలుస్తున్నాడు. లోటా అట్లాగే గాలిలో ఆగింది. ‘‘మనమా? నిన్న మ్యాచ్ ఉండెనా? ఎవరి మీద?’’ ఆ కళ్ళలో వెలుగు చూశాక, ఆయన ఇండియా అనుకున్నాడని నాకు అర్థమైంది. నేను చెప్పింది ఇంగ్లండ్‌లోని ఒక క్లబ్బు గురించి. మా దుకాణం పోరలతో కలిసి ఫోన్‌లో చూసే ఆట. చెప్పక తప్పలేదు. మామ తిట్టలేదు, రౌండు కొట్టమనలేదు. ‘‘అట్లనా, మంచిగ ఆడతరు వాళ్ళు’’ అని లోటా పాలలో ముంచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాతే ఆయనకు ఆ ఫికర్ పట్టుకుంది. ఇంట్లో కొడుకులు, మనవలు, నేను, అందరం చూసేది బయటి దేశాల ఆటే. ‘‘నేను పోతే ఈ ఇంట్ల ఓడినం అనేటోడు ఎవడున్నడే?’’ అని అత్తను అడిగేవాడట. అత్త ‘‘అప్పుడు నాకు మస్తు సుఖం’’ అనేదట. టీము బాగుపడదని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు. లెక్క సూటిగా చెప్పేవాడు. ‘‘మన క్లబ్బులల్ల ముంగట ఆడేటోళ్ళు బయటి దేశపోళ్ళు. మనోళ్ళను ఎన్కకు నిలబెడతరు. ఇగ గోల్ కొట్టుడు ఎవనికి అలవాటైతది? గల్లీలల్ల కార్లు నిలబడ్డయ్, పోరగాళ్ళు యాడ ఆడాలె? గీ రెండు సక్కజేస్తే పదేండ్లు చాలు.’’ ఆడపిల్లల టీము ఆసియా పోటీలకు అర్హత సాధించిన రోజు పాలు పోసే ప్రతి ఇంటికీ ఆ కబురు మోసుకెళ్ళాడు. మరుసటి వారం గ్రౌండ్‌కు నలుగురు ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళ అమ్మలతో ఆయనే మాట్లాడాడు.

చివరికి ఊపిరితిత్తులు మొండికేశాయి. ఆసుపత్రిలో చేర్చాక, బీపీ పెరుగుతుందని అత్త ఫోన్ గుంజుకుంది. ఆ వారంలోనే ఇండియా మ్యాచ్. గెలిస్తేనే ముందుకు పోయే మ్యాచ్, అదీ మనకన్నా కింది ర్యాంకు టీముతో. మొత్తం చూశాను. ఓడిపోయారు.

మరునాడు పొద్దున వార్డు బయటే అత్త పట్టుకుంది. ‘‘గెలిచిండ్రు అని చెప్పు బిడ్డా. ఈ ఒక్కపారి.’’ సరేనన్నాను. లోపలికి వెళ్ళి, ఆయన అడగకముందే చెప్పేశాను. ‘‘మామా, నిన్న ఇండియా గెలిచింది. ఒకటి, సున్నా.’’

మామ ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. నా మొహంలోకి చూశాడు. ‘‘ఓడినమా?’’ అన్నాడు.

‘‘లే మామా, ఇండియా గెలి...’’

‘‘గెలిస్తే ఇండియా అంటవార నువ్వు? మనం గెలిచినం అని గేటు కాడికెల్లే ఒర్లుకుంట వస్తవ్.’’

దొరికిపోయాను. ఇన్నేళ్ళు నన్ను రౌండ్లు కొట్టించిన మనిషికి నా అబద్ధం పట్టడానికి ఒక్క మాట చాలింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ‘‘ఓడినం మామా’’ అన్నాను.

‘‘ఎట్ల ఓడినం? చెప్పు.’’

చెప్పడం మొదలుపెట్టాను. మెల్లగా, రోగి దగ్గర మాట్లాడినట్టే మొదలుపెట్టాను. ఎక్కడ మారిందో తెలియదు. రెండో హాఫ్‌లో మనవాడికి ఖాళీ గోలు దొరికిన చోటికి వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాను. ‘‘కీపర్ లేడు మామా! ఒక్క టచ్ చాలు! ఆపుకొని నిలబడ్డడు! సాగనంపడేంది వాడు? మనం గిట్లనే ఎన్ని మ్యాచులు పోగొట్టుకుంటం? ఇంకెన్నేండ్లు?’’ పక్క మంచాల వాళ్ళు లేచి చూస్తున్నారు. నర్సు పరుగెత్తుకొచ్చి, ‘‘ఏంటండీ ఇది, ఆసుపత్రా, గ్రౌండా?’’ అని కసిరింది. ఒళ్ళంతా చెమట. కళ్ళలో నీళ్ళు. ఒక ఓటమికి నేను ఏడవడం అదే మొదటిసారి.

మామ వైపు తిరిగి చూశాను. బాధపెట్టానేమోనని భయమేసింది. ఆయన నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. మాస్కు లోపల ఊపిరి తెల్లగా కమ్ముకుంటోంది, తేలిపోతోంది, మళ్ళీ కమ్ముకుంటోంది. దుప్పటి కింద భుజాలు అదురుతున్నాయి. ఆ అదురుకు సెలైన్ పైపు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.