తెర ఎత్తమన్న ఈశ్వరమ్మత్త

బజ్జీల వాసన తగిలితే ఎవరికైనా నోరూరుతుంది, నాకు మాత్రం ఈ వయసులోనూ కోపం వస్తుంది. నిన్న సాయంత్రం నంద్యాల బస్టాండు పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు నూనెలో చుయ్యిమంటుంటే, పక్కనే బొరుగుల ఉగ్గాని పొగలు కక్కుతుంటే, చిన్నప్పుడు మా నాటకాలకు వచ్చిన జనం రంగం మారేలోపు లేచి ఇలాంటి బండ్ల దగ్గరికి పోయి మళ్లీ రాకపోవడమే గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డలో మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. ఎండాకాలంలో శనక్కాయల మూటలు వెళ్లిపోయి ఖాళీ అయిన గోదాములో, బెల్లం, చింతపండు, గోనెసంచుల వాసనల మధ్య నాయనా ఆయన స్నేహితులూ నాటకం రిహార్సల్ చేసేవాళ్లు. నాయన హీరో, నేను ఆయన జబ్బు కొడుకుని. ఆడపిల్లనని తెలియకుండా జుట్టు దాచి తలగుడ్డ చుట్టుకొని నులకమంచం మీద పడుకొని దగ్గడమే నా వేషం. మొదటి రంగం కోర్టు, తర్వాత ఇల్లు, మళ్లీ కోర్టు. తెర పడిందంటే ఒకరు తెచ్చిన బల్లను ఇంకొకరు బయటికి మోసేవారు. ఒకసారి మంచం తీయడం మర్చిపోయి తెర ఎత్తితే, జడ్జి ముందే దగ్గుతూ పడుకున్నాను.

మా మేనత్త ఈశ్వరమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఇదంతా చూసి చూసి, ఒకనాడు, "జనం లేసిపోక ఏం జేస్తారన్నా? పక్కకు జరుగు," అని ముగ్గుగిన్నెతో లోపలికి వచ్చింది. ఇంటి సామాన్లు పెట్టే చోట నేల మీద తెల్లచుక్కలు, కోర్టు సామాన్లకు ఎర్రమన్ను చుక్కలు. మంచం కోడు కోడుకూ ఒకటి, బల్ల కాలు కాలుకూ ఒకటి. ఎవరు ఏది మోయాలో, ఎటునుంచి రావాలో ఆమే చెప్పింది, మధ్యలో మాట్లాడినవాడికి చేటదెబ్బ. వారం తిరక్కముందే హార్మోనియం మీద ఒక్క పాట అయ్యేలోపు కోర్టు ఇల్లయిపోయేది.

నంద్యాల పోటీలకు పోయాం. ఒక బడి ఆవరణలో, మధ్యాహ్నం పూట, షామియానా కింద. రంగం మార్చడానికి ఐదు నిమిషాలు. దాటితే గంట కొట్టి నాటకం ఆపేస్తారు. అత్త పొద్దున్నే స్టేజీ మీద చుక్కలు పెట్టింది. అంతలో నిర్వాహకుల్లో ఒక పెద్దాయన వచ్చి, "ఆడోళ్లు తెర ఎనక ఉండేది లేదమ్మా, పోయి ముందర కూర్చో," అన్నాడు. నన్ను చిన్నపిల్ల లెమ్మని వదిలేశాడు. నాయన తల గోక్కుంటూ పక్కకు జరిగాడు.

ఇది చాలదన్నట్టు, టెంకాయ కొట్టే ముందు స్టేజీ శుద్ధి కావాలని మా హార్మోనియం సుబ్బన్న మామ రెండు బకెట్ల పసుపునీళ్లు పోసి చీపురుతో కడిగేశాడు. చుక్క ఒక్కటీ మిగల్లేదు. మొదటి రంగం అయి తెర పడగానే నలుగురు నన్ను మంచంతో సహా మోసుకొచ్చారు గానీ, మంచం దించితే తలుపు పట్టదు, తలుపు నిలబెడితే మంచం పట్టదు. నన్ను గాల్లోనే పట్టుకొని నిలబడ్డారు. సుబ్బన్న మామ రెండో పాట ఎత్తుకున్నాడు. బయట కుర్చీలు జరిగిన చప్పుడు. నేను మంచం మీదినుంచే "అత్తా!" అని అరిచాను.

అత్త కొంగు బిగించి, అందరూ చూస్తుండగా స్టేజీ ముందరి మెట్లెక్కింది. పెద్దాయన "ఏందమ్మా ఇది?" అంటుంటే ఆగలేదు.

"తెర ఎత్తండప్పా! ఈడ దొంగపనేం జరగడం లే."

తెర లేచింది. "మంచం ఈడ. తలుపు ఆ మూలకు. బల్ల ఎనక్కి," అంటూ అడుగులతో కొలిచి ఇల్లు నిలబెట్టింది. లేచినవాళ్లు లేచినట్టే నిలబడి చూశారు. గంట మోగలేదు.

మాకు రెండో బహుమతి వచ్చింది. మైకులో వేషగాళ్ల పేర్లు, హార్మోనియం మామ పేరు, తెర లాగినవాడి పేరు కూడా చదివారు. అత్త పేరు లేదు. నాయన చప్పట్లు కొట్టాడు. తిరుగు బస్సులో అత్త ఒక్కటే అడిగింది, "పేర్లు రాసిచ్చింది నువ్వే గదన్నా?" నాయన కిటికీ వైపు తిరిగాడు. దానికి ఆయన్ని నేనింకా క్షమించలేదు.

ఇప్పుడు నాటకాలు నేను వేయిస్తున్నాను. లాగే తెరలు పోయాయి, హార్మోనియం పోయింది. బొత్తాం నొక్కితే వెనక ఎల్‌ఈడీ తెర మీద కోర్టు ఇల్లవుతుంది. నేను మాత్రం మంచాలే మోయిస్తాను, దీపాలు ఆర్పకుండా, అందరూ చూస్తుండగా. ఆర్పమని చెప్పినవాళ్లకు ఆర్పనని చెప్పాను. అత్త పోయి చాలా ఏళ్లయినా, పోటీలకిచ్చే కాగితంలో మొదటి పేరు ఆమెదే రాస్తాను. పోయినసారి మైకు పట్టుకున్న అబ్బాయి ఆ పేరు దగ్గర ఆగి, "ఈమె వచ్చినారా మేడమ్?" అన్నాడు.

"వచ్చిందా రాలేదా నీకెందుకప్పా? గట్టిగా చదువు," అన్నాను.

చదివాడు.