చాలూ బండి

మా బావ సూర్యారావుకి మెల్లగా మాట్లాడటం రాదు. రైలింజను డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ ఆ హోరు మీద గొంతు పెంచి పెంచి, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా కూత పెట్టినట్టే ఉండేది. రిటైరై ఈ హిందీ ఊళ్ళోనే మోవా అనే పేటలో చిన్న ఇల్లు కట్టుకుని చేరాడో లేదో, ఆయనకి వంకాయ ఇష్టమనీ, మా అక్క చారులో ఉప్పు తక్కువేస్తుందనీ, బావమరిది వెంకటస్వామి ఉత్త పనికిమాలినవాడనీ వీధి వీధంతటికీ తెలిసిపోయింది. ఆ వెంకటస్వామిని నేనే. వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్ని, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటాను. పనికిమాలిన అన్న మాట మాత్రం నేనొప్పుకోను.

"మీ వ్యాగన్లు ఉత్త డబ్బాలురా. మేం లాగితే వొస్తాయి, నేపోతే నేదు" అనేవాడు బావ. ఇంజను లేనిది ఆయన లెక్కలో బండే కాదు. అందులోనూ డీజిల్ ఇంజను కావాలి. బొగ్గింజను మీద చేరి, డీజిల్ మీదకి మారి, మా ఊళ్ళ వైపు పోయే లైన్లో టిట్లాగఢ్ దాకా ఎన్నిసార్లు నడిపాడో ఆయనకే తెలీదు. పొగ రంగు చూసి ఇంజను జబ్బు చెప్పేవాడు. మనిషి మనసు మాత్రం వెన్న. ఈ సంగతి ఆయన ఎదుట నేనెప్పుడూ అనను, బావమరిదిని కదా, నాకూ ఓ పరువుంది.

మా అక్క అప్పలనరసమ్మకి ఆయనమీద ఒకే ఒక్క కోపం. శృంగవరపుకోట నుంచి కాపరానికి వచ్చినప్పట్నించీ మొగుడు రైలు నడుపుతూనే ఉన్నాడు, ఆవిడ ఒక్కసారీ పక్కన కూర్చోలేదు. ఇంజన్లోకి ఆడవాళ్ళని ఎక్కించరు కదా. ఒకసారి పుట్టింటికి వెళ్తూ బావ నడిపే బండే ఎక్కింది. దారిలో గట్టి కుదుపొచ్చి పక్కావిడ పులుసు గిన్నె చీర మీద ఒలికిపోయింది. "ఏ దరిద్రుడమ్మా ఈ డ్రైవరు!" అని ఆవిడ శాపనార్థాలు మొదలెడితే, మా అక్క ఎందుకొచ్చిన గొడవని తానూ ఓ రెండు తిట్లు కలిపింది. ఆ కథ చెప్పినప్పుడల్లా మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వేది గానీ, చివర్లో ఒక మాట అనేది.

"నాకు పెట్టెలు వొద్దు, బోగీలు వొద్దు. నీ పక్కన కూకుని, ఎదర అద్దంలోంచి తోవ సూడాల. ఒక్కపాలి."

రిటైరైన ఏడు చలికాలంలో బావ ఆ మాట తీర్చడానికి సెకండ్ హ్యాండ్ కారు కొంటానన్నాడు. అది తొంభై నాలుగు. మాఘ పున్నమికి నది ఒడ్డున జరిగే రాజిం మేళాకి అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తానని వీధంతా వినేలా మాటిచ్చేశాడు. అక్క ఆ రోజుకని పసుపుపచ్చ చీర కూడా తీసి పెట్టుకుంది.

నాకు తెలిసిన ఒక డాక్టరు పాత పెట్రోలు ఫియట్ అమ్ముతున్నాడు. మంచి బండి. "నెలకి రెండుసార్లు బయటకి తీసే బండికి డీజిల్ ఎందుకు బావా? రోజూ తిరిగేవాడికి అది లాభం. మనకి పెట్రోలే చవక. రిపేరు వచ్చినా తేలిక" అన్నాను.

"నా గుమ్మంలోకి పెట్రోలు బండొస్తే నాను సన్నేసుల్లో కలిసిపోతాను" అన్నాడు.

సరే, నీ ఖర్మ అని వెంట తిరిగాను. తేలీబాంధా దగ్గర ఒక డీజిల్ అంబాసిడర్ చూశాం. స్టార్ట్ చేయగానే నీలం పొగ. "ఆయిలు తాగీస్తంది, పద" అన్నాడు. ఇంకోచోట జీపు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలినుంచి భుస్సుభుస్సున గాలి తన్నింది. "కంప్రెషన్ పోనాది. ముసిలోడికి ఆయాసం" అని మూత బిగించి వచ్చేశాడు. మా బావకి తెలీదని ఎవరన్నా అంటే నేనే ఊరుకోను. ఆయనకి అన్నీ తెలుసు.

మూడోది ఒక సేఠ్‌ది, తెల్ల అంబాసిడర్. పొద్దున్నే మంచులో మేం వెళ్ళేసరికి గేటు ముందు గుడగుడమంటూ నడుస్తూనే ఉంది.

"గాడీ చాలూ హై, సాబ్! డీజిల్ కో కభీ బంద్ నహీఁ కర్‌నా" అన్నాడు సేఠ్. బండి నడుస్తూనే ఉంది, డీజిల్‌ని ఎప్పుడూ ఆపకూడదట.

అంతే, మా బావ కరిగిపోయాడు. రైల్వేలో అదే పద్ధతి మరి. పెద్ద డీజిల్ ఇంజన్ని ఆపితే మళ్ళీ లేపడానికి నానా తంటాలని, స్టేషన్లో గంటలు నిలబడ్డా గురక పెట్టిస్తూనే ఉంచుతారు. ఏళ్ళ తరబడి ఆ గురక పక్కన బతికిన మనిషికి, ఆగని ఇంజను చూస్తే అనుమానం ఎందుకొస్తుంది? పొగ చూశాడు, శుభ్రంగా ఉంది. మూత తీశాడు, గాలి తన్నలేదు. నేను చెవిలో, "ఒకసారి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయమను బావా" అన్నాను.

"డబ్బాలోడివి, నీకేటి తెలుసు? నోర్మూసుకో" అన్నాడు. నోరు మూసుకున్నాను.

బండి ఇంటికొచ్చింది. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్‌కి పసుపు రాసి దిష్టి తీసింది. హారతి అయింది, కొబ్బరికాయ అయింది, వీధివాళ్ళకి బెల్లం ముక్కలు పంచడం అయింది. ఇంజను మాత్రం గుడగుడమంటూనే ఉంది. మధ్యాహ్నం దాటినా అదే వరస. ప్రహరీ మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలకి డీజిల్ వాసన పట్టేసింది.

"ఆపవేటి మావా?" అంది అక్క.

"ఆపకూడదే! ఇది డీజిలు!" అని, ఇంజను తాగెయ్యగా తాగెయ్యగా తగ్గిపోయిన డీజిల్ తేవడానికి డబ్బా పట్టుకుని సైకిలెక్కి వెళ్ళాడు. కారుంది, ఆయన సైకిల్ మీద! ఇంతకంటే వింత ఎక్కడన్నా ఉంటుందా?

ఆయన సందు మలుపు తిరగ్గానే అక్క నా వైపు తిరిగింది. "తమ్ముడా, ఏది లాగితే ఆగుతాదిది? ఒట్టినే కూకుని డీజిలు తాగతంది." డాష్‌బోర్డు కింద పిడి చూపించాను. లాగేసింది. బండి గుడుక్కుమని ఆగిపోయింది. వీధంతా ఒక్కసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

బావ తిరిగొచ్చి తాళం తిప్పితే, ఇంకా వేడి మీదే ఉంది కనక, మళ్ళీ స్టార్టయింది. మనసొప్పకపోయినా, అక్క ఆపినా లేచింది కదా అని ఆ సాయంత్రానికి తనే ఆపాడు. తెల్లారాక మొదలైంది అసలు భాగోతం. తాళం తిప్పితే గిర్రుమంటుంది, తెల్లటి పొగ ఇంత వదులుతుంది, ఊరుకుంటుంది. మళ్ళీ గిర్రు, మళ్ళీ పొగ. వీధిలో వాళ్ళూ నేనూ కలిసి ధక్కా మీద ధక్కా ఇచ్చాం. పెద్దవాళ్ళు, పిల్లలు, ఆఖరికి పాలవాడు కూడా డబ్బాలు దింపి తోశాడు. బ్యాటరీ పడుకుంది గానీ ఇంజను లేవలేదు.

బావ మొహం ఎర్రబడింది. "సంపీసినావే! బంగారంలాటి ఇంజన్ని ఆపీసి సంపీసినావు! నిన్న ఆపడం అలవాటు సేసినావు, ఇయ్యాల సచ్చింది!" అని కూత పెట్టాడు. మోవా మొత్తం విన్నది.

మా అక్క మామూలుగా అయితే ఒకటికి నాలుగు అంటుంది. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్ళి, తీసిపెట్టుకున్న పసుపుపచ్చ చీర మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "మేళాకి బస్సులో ఎల్దాం తమ్ముడా. ఎనక కూకోడం నాకు అలవాటే" అంది. బావ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన పెద్దరికం కూడా చూడకుండా కడిగేద్దామనుకున్నాను. కడగడం కన్నా మెకానిక్‌ని తీసుకురావడం మేలనిపించి జోసెఫ్ దగ్గరికి పోయాను.

జోసెఫ్‌ది గుడివాడ వైపు. బిలాస్‌పూర్ రోడ్డు మీద డీజిల్ బళ్ళ షెడ్డు పెట్టుకున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఆ నవ్వు చూస్తే సగం రిపేరు అయిపోయినట్టే. వచ్చి బానెట్ ఎత్తి, నాలుగు హీటర్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్కదాన్నీ తను వెంట తెచ్చుకున్న బ్యాటరీకి తగిలించి చూశాడు. ఒక్కటీ ఎర్రబడలేదు.

"కొనేటప్పుడు బానెట్ మీద చెయ్యేసి చూశారా బాబాయ్ గారూ? చల్లగా ఉందా?"

"మేం ఎల్లేతలికే చాలూలో ఉన్నాది" అన్నాడు బావ.

జోసెఫ్ పకపకా నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ అక్కని పిలిచాడు. "పిన్నిగారూ, పంపు స్టవ్వు వెలిగించే ముందు మీరేం చేస్తారు?"

"స్పిరిట్ పోసి బర్నరు ఏడెక్కిస్తాను. నేపోతే కిరసనాయిలు ఊరికే పొగలొచ్చీదే గదా?"

"ఇదీ అంతేనండీ. ఈ ప్లగ్గులే దానికి స్పిరిట్టు. ఇవి నాలుగూ కాలిపోయున్నాయి. వేడి మీద ఉంటే ఇవి లేకపోయినా నడుస్తుంది, చల్లారితే లేవదు. అందుకే మీరొచ్చే ముందే వాడెలాగో తోసి స్టార్ట్ చేసుంచాడు. ఆపినందుకు చెడలేదు బాబాయ్ గారూ. చెడింది కాబట్టే వాడు ఆపలేదు. పిన్నిగారు ఆపబట్టి గుమ్మంలో బయటపడింది. లేదంటే రాజిం దారిలో పొలాల మధ్య తెలిసేది."

"మరి గాడీ చాలూ అన్నాడు గదా ఆ సేఠ్!"

"గాడీ కాదండీ, సేఠే చాలూ!"

నడుస్తున్నదాన్నీ చాలూ అంటారు, గడుసుపిండాన్నీ చాలూ అంటారు ఈ ఊళ్ళో. నాకు నవ్వాగలేదు. బావ మాత్రం తిన్నగా గేటు దాకా నడిచి, వీధికేసి తిరిగి గొంతెత్తాడు.

"ఇనండోయ్! ఇంజన్ని మా ఆడది సంపలేదు! ఎదవ బేరం సేసింది నానే!"

కిటికీలు తెరుచుకున్నాయి. పాలవాడు చప్పట్లు కొట్టాడు. బావ గర్వంగా వెనక్కి తిరిగి అక్క వైపు చూశాడు, మెచ్చుకుంటుందేమోనని.

"వీధి వీధంతటికీ సెప్పినావు" అంది అక్క. "నాకు సెప్పలేదు." లోపలికి వెళ్ళిపోయింది.

ప్లగ్గులు మారాయి, బండి చల్లగా ఉన్నా ఒక్క తిప్పుకే లేచింది. పున్నమి రోజు పొద్దున్న బావ ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అక్క పాత నేత చీర కట్టుకుని వచ్చి, వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చోవలసి వచ్చింది. నా బతుకులో అంత ఇబ్బందిగా ఏ సీట్లోనూ కూర్చోలేదు. అభన్‌పూర్ దాకా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు. మా బావ మాట్లాడకుండా అంతదూరం వెళ్ళడం నేనెరగను.

అక్కడ చిన్న లైను రైల్వే గేటు పడింది. మా ముందు లారీవాడు ఇంజను ఆపాడు. బస్సువాడూ ఆపాడు. మేళాకి వెళ్ళే బళ్ళన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. మాదొక్కటే గుడగుడమంటోంది. బావ చెయ్యి పిడి దాకా వెళ్ళి ఆగింది. అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"ఆపీనా నర్సమ్మా?"

"నన్నడుగుతావేటి? ఆపితే సంపీసినట్టే గదా."

"ఆ మాట తప్పు." గొంతులో కూత లేదు. నాకే కష్టంగా వినబడింది. "నలుగురిలో అన్నాను. అనకుండా ఉండాల్సింది. నువ్వు ఆపబట్టే మన బండి బాగయింది. నువ్వే వొచ్చి ఆపు."

వెనక తలుపు తెరుచుకుంది. అక్క దిగి, ముందు తలుపు లాగి, "లెగు తమ్ముడా. నా సీట్లో నీకేటి పని?" అంది. బతికాన్రా భగవంతుడా అని వెనక్కి పరిగెత్తాను. ఆవిడ కూర్చుని, కొంగు సర్దుకుని, పిడి లాగింది. బండి ఆగింది. బొమ్మలాంటి చిన్న రైలు కూత పెట్టుకుంటూ గేటు దాటింది. అందులో జనం మాకు చేతులూపారు.

గేటు లేచింది. బావ తాళం సగం తిప్పి ఆగాడు. ప్లగ్గులు వేడెక్కే ఆ కాస్సేపూ నేను వెనక సీట్లో దేవుణ్ణి తలుచుకున్నాను. పూర్తిగా తిప్పాడు. ఒక్కసారికే లేచింది. "ఓలమ్మ!" అని అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

రోడ్డు తిన్నగా ఉంది. రెండు పక్కలా చెట్లు మా మీదకొస్తూ, విడిపోతూ, వెనక్కి పోతున్నాయి. అక్క డాష్‌బోర్డు పట్టుకుని ముందుకి వంగి, రెప్ప వేయకుండా చూస్తోంది. చాలాసేపటికి అంది, "ముప్పయ్యేళ్ళూ నీకు ఇలాగే అగుపించీదా మావా తోవ?"

"అగుపించీది" అన్నాడు బావ, ఆవిడ వైపే చూస్తూ. "గానీ, ఇంత బాగుండీది కాదు."

"నా మొకంలో ఏటున్నాది? ఎదర సూసి నడుపు!" అంది అక్క. అంటూనే నవ్వేసింది.