పసుపు బొమ్మకి, ఎరుపూ తెలుపూ మాటకి

మా చిన్నమ్మాయి ఇక లేదు. కాకినాడ ఆసుపత్రి నుంచి పెద్దమ్మాయి ఫోన్ చేసి "అమ్మా" అని ఆగిపోయింది. ఆ ఆగడంలోనే నాకు తెలిసిపోయింది. కామెర్లు బాగా ముదిరిపోయాయన్నారు. అప్పుడు నేను పూలు కడుతున్నాను. దారం చేతిలో అలాగే ఉండిపోయింది.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. దాని గురించి నాలుగు ముక్కలు రాయమని పెద్దమ్మాయే అంది. చిన్నదాన్ని మీరెవరూ ఎరగరు. అందుకని తీగల సంగతి దగ్గర మొదలుపెడతాను. దాన్ని తలుచుకుంటే ముందు అవే గుర్తొస్తాయి.

అది రాజోలులో టీవీలు అమ్మే కొట్లో పనిచేసేది. మా వీధిలో ఎవరింట్లో బొమ్మ రాకపోయినా, మాట వినపడకపోయినా దాన్నే పిలిచేవారు. "కేబుల్ కొనాలంటే ముందు వెనక చూడాలండీ" అనేది. జాగ్రత్తలు చెబుతోందనుకుని అందరూ నవ్వేవారు. అది నిజంగా టీవీ వెనక సంగతే చెప్పేది. ఏ కన్నాలున్నాయో చూసుకోకుండా కొట్టుకెళ్తే, ఇంటికి తెచ్చిన తీగ మూతి ఒకరకం, టీవీ కన్నం ఇంకోరకం అవుతాయట.

పక్కింటి పిన్నిగారు కొత్త టీవీ కొన్నప్పుడు, "అమ్మాయ్, తీగ బాగా పొడుగుది తేవే. ఎందుకైనా మంచిది" అన్నారు.

"వద్దండి పిన్నిగారూ. ఎంత కావాలో అంతే ఉండాలండి. మిగిలింది మెలికలు పడి కాళ్ళకి చుట్టుకుంటాది."

"ఎంత కావాలో ఎలా తెలుస్తాదే?"

"మా అమ్మ ఉందిగా!"

నన్ను లాక్కెళ్ళి టీవీకీ కేబుల్ వాళ్ళ పెట్టెకీ మధ్య నా మూరతో కొలిపించింది. పిన్నిగారు ఊరుకుంటారా? "మీ అమ్మ మూర నమ్మకే. పూలు కొలిచేటప్పుడు మోచెయ్యి ముడిచేస్తాది" అన్నారు.

"ఆయ్, పూలకి ముడుస్తాదండి. తీగకి ముడవదు" అంది నా కూతురు. ఆ మాటకి నేను కూడా నవ్వాను.

మా ఇంట్లో ఉన్నది పాత టీవీ. దానికి కలిపి, మా ఆయన మస్కట్ నుంచి తెచ్చిన, సీడీలు వేసే రికార్డరు. దానికి మూడు తీగలు, పసుపు, ఎరుపు, తెలుపు. టీవీ వెనక కన్నాల రంగులు ఎప్పుడో అరిగిపోయాయి. ఒకరోజు చిన్నది కొట్టుకెళ్ళాక వెనక బూజు దులుపుతుంటే మూడూ ఊడొచ్చాయి. పెట్టడం ఎంతసేపు అనుకున్నాను. శుభమా అని కుడివైపు నుంచి మొదలుపెట్టాను. ముందు పసుపు, దాని పక్కన కుంకుమ రంగుది, చివర మల్లెపూలలా తెల్లది. టీవీ పెడితే బొమ్మ లేదు, ఒకటే బుర్రుమని మోత.

సాయంత్రం అది వచ్చి వెనక్కి తొంగిచూసి, గోడకి జారబడి నవ్వింది. "టీవీకి పేరంటం చేసేవేంటమ్మా!"

"పాడైపోయిందేంటే?"

"ఏం పాడవదు. తప్పు పెడితే బుర్రుమంటాది, అంతే. తీసి మళ్ళీ పెట్టుకోవడమే. పసుపు బొమ్మకి. ఎరుపు కుడిచెవికి, తెలుపు ఎడమచెవికి."

నాకు ఒకటి అర్థం కాలేదు. బొమ్మ ఒక తీగలో, మాట ఇంకో తీగలో వస్తే, మనిషి నోరు కదిపినప్పుడే మాట ఎలా వినపడుతుంది? దారిలో ఒకటి వెనకబడదా? అడిగాను.

"మన గోదారి పాయల్లో వసిష్ఠ ఒక దారిన పోతాది, వైనతేయ ఒక దారిన పోతాది. రెండూ సముద్రంలోకే కదమ్మా" అంది. తర్వాత తనే కాసేపు ఆలోచించి, "కాని నువ్వడిగింది మంచి ప్రశ్నే. కొట్లో అడిగొస్తాను" అంది. అడిగిందో లేదో నాకు చెప్పలేదు. ఇప్పటికీ ఆ సంగతి తెలుసుకోవాలనే ఉంది.

ఆ రోజే తన నుదుటి స్టిక్కరు తీసి ఎర్ర తీగ కన్నం పక్కన అంటించింది. "పేరంటం ఇక్కణ్ణించి మొదలెట్టు" అంది.

దాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, ముందుగదిలో జనానికి చోటు కావాలని ఎవరో టీవీ పక్కకి జరిపారు. తీగలన్నీ పీకేశారు. దినకార్యాలు అయ్యాక మా ఆయన మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయారు, పెద్దమ్మాయి అత్తారింటికి వెళ్ళింది. రికార్డరులో పెద్దమ్మాయి సీమంతం సీడీ అలాగే ఉంది. ఆ వేడుకంతా తీసింది చిన్నదే. కెమెరా చేత్తో పట్టుకుంది కాబట్టి ఒక్క బొమ్మలోనూ అది కనపడదు. వినపడుతుంది, అంతే. దాని గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు.

ఎవరినైనా పిలవొచ్చు. కాని పిలవబుద్ధి కాలేదు. తప్పు పెడితే ఆ గొంతు కాస్తా పోతుందేమోనని చాలా రోజులు దాని జోలికే వెళ్ళలేదు. నిన్న మధ్యాహ్నం పూలు కట్టడం అయ్యాక, బుర్రుమంటే తీసి మళ్ళీ పెట్టుకోవడమేగా అనుకుని లేచాను. ముందు వెనక చూశాను.

స్టిక్కరు ఇంకా ఉంది. అంచున కొంచెం లేచింది. వేలితో నొక్కాను.

ఎర్రది దాని పక్కన పెట్టాను. తెల్లది దాని తర్వాత. పసుపుది చేతిలోనే ఉంచుకున్నాను. బొమ్మతో నాకేం పని?

మీట నొక్కాను. తెర నల్లగానే ఉంది. గాజుల చప్పుడు, ఎవరివో నవ్వులు. అందరి మాటల మీదుగా దాని గొంతు.

"అమ్మా, ఇటు. అటు కాదు, నా వేపు చూడు."

పసుపు తీగ పట్టుకుని అటే చూశాను.