మోడరేటర్ గారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో నేనొక మొక్కల గ్రూపులో చేరాను. మేడల మీదా వరండాల్లోనూ కుండీల్లో పూలమొక్కలు పెంచుకునేవాళ్ళ గ్రూపు. మెయిల్ మీద నడిచేది. ఒకరు రాస్తే అందరికీ వెళ్ళేది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు. విజయవాడ, గుడివాడ, తెనాలి మనుషులే ఎక్కువ. నేను మాత్రం ఏమీ రాసేదాన్ని కాదు. డైరీ అయితే రోజూ రాసుకునేదాన్ని గానీ, పదిమంది చదివేచోట రాయాలంటే చెయ్యి ఆడేది కాదు.

ఆ గ్రూపు మొదలుపెట్టింది కంకిపాడులో ఉండే రిటైరైన మాస్టారు ఒకాయన. ఇంటర్‌లో నాకు బోటనీ చెప్పారు. ఏదైనా సందేహం వస్తే ఆయనకి విడిగా రాసేదాన్ని. కళ్ళకి ఆపరేషనయ్యాక ఆయన స్క్రీన్ ఎక్కువసేపు చూడలేకపోయారు. గ్రూపు చూసుకునే పని నాకప్పగించారు. "నువ్వెటూ అన్నీ చదువుతావు, ఒక్కటీ రాయవు. ఈ పనికి అలాంటివాళ్ళే కావాలమ్మా," అన్నారు.

అలా మోడరేటర్‌నయ్యాను. లోన్లిస్తామనే ప్రకటనలూ, ఇంకో పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే ఉత్తరాలూ తీసేయడం నా పని. కింద "మోడరేటర్" అని మాత్రమే పెట్టేదాన్ని. సభ్యులు నన్ను సార్ అనేవాళ్ళు. నేను దిద్దలేదు. సార్ అనే మాట వెనక కూర్చోవడం నాకు హాయిగానే ఉండేది.

గ్రూపులో మాస్టారు పెట్టిన పెద్ద రూలు ఒకటుంది. ఎవరి పేరు రాసినా చివర గారు ఉండాలి, ఎవరితో మాట్లాడినా అండీ అనాలి. మొదట్లో వేపనూనె మంచిదా, షాపు మందు మంచిదా అని ఇద్దరు వాదించుకుని నువ్వెంత అంటే నువ్వెంత అనే దాకా వెళ్ళారట. ఆ రూలుతో తిట్లు ఆగిపోయాయి. తగాదాలు ఆగలేదు. మర్యాద తప్పకుండా మనిషిని కోసిపెట్టడం మా వైపు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా విజయవాడలోనే భవానీపురం నుంచి ఒక ముస్లిం ఆవిడ ఉండేది. ఆవిడ భర్తకి వన్‌టౌన్‌లో బ్యాగుల కొట్టు. పాత పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో గులాబీలు పెంచేది. ఒక మే నెలలో, అందరి మేడల మీదా మొక్కలు మాడిపోతున్న రోజుల్లో, విరగబూసిన ఎర్ర గులాబీల ఫోటో పంపింది.

మొదటి జవాబు పటమట నుంచి వచ్చింది. ఆయన బ్యాంకు ఆఫీసరు. గులాబీలకి అంటు కట్టడంలో గ్రూపు మొత్తానికీ ఆయనే పెద్ద. ఆయన ఏమంటారా అని అందరూ ఎదురుచూసేవాళ్ళు. "చాలా బాగున్నాయండీ. ఇంతకీ ఇవి తమరి మేడ మీదివేనాండీ, కడియం నర్సరీలకి వెళ్ళి తీయించుకున్న ఫోటోనా?" అని రాసి పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఆవిడ "నావేనండీ" అని ఒక్క మాట రాసి ఊరుకుంది.

ఆ తర్వాత ఆవిడ ఏం రాసినా ఆయన వదల్లేదు. నర్సరీ మేడమ్ గారు సెలవిచ్చారండీ, వినండి అనేవారు. మేడమ్ గారి డబ్బాల్లో కల్పవృక్షం కూడా మొలుస్తుందండీ అనేవారు. చూసి మరో ఇద్దరు అందుకున్నారు. ఆవిడ రాయడం తగ్గించింది. చివరికి నాకు విడిగా ఉత్తరం పెట్టింది. గ్రూపు వదిలేస్తానంది. రోజూ మా అత్తగారు ఉత్తరాలన్నీ చదివించుకుని వింటారు సార్, ఇవి నేను పైకి చదవలేకపోతున్నాను అని రాసింది. మొక్కల గురించి మాట్లాడుకోవడానికి తనకి వేరే చోటు లేదని కూడా రాసింది.

కొన్నాళ్ళు ఆగమని ఆవిడకి రాశాను. బ్యాంకాయన ఉత్తరాలు నెలపాటు ముందు నా దగ్గరికి వచ్చి, నేను చూశాకే గ్రూపులోకి వెళ్ళేలా పెట్టాను. ఆ సంగతి ఆయనకి రెండు లైన్లలో తెలియజేశాను. నేను రూలు ఎక్కడ తప్పానండీ అని ఆయన అడిగారు. నిజమే, తప్పలేదు. మాస్టారికి ఫోన్ చేస్తే, చేసింది సబబే గానీ ఆయన వెళ్ళిపోతే ఆయన వెంట సగం మంది వెళ్ళిపోతారు, చూసుకో అన్నారు.

మా ఊళ్ళో గ్యాస్ కనెక్షన్ కావాలన్నా కాలేజీలో సీటు కావాలన్నా, ముందు ఆ మనిషికి తెలిసినవాళ్ళెవరో వెతుకుతారు. బ్యాంకాయన కూడా అదే చేశారు. మాస్టారిని అడిగి, మోడరేటర్ ఫలానా ఇంట్లో ఉంటారని తెలుసుకున్నారు. నాన్న ఆఫీసులో పనిచేసే తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చారు. చేతిలో కవరులో అంటు గులాబీ మొక్క.

"మోడరేటర్ గారు మీరేనని తెలిసి వచ్చామండీ," అన్నారు నాన్నతో.

"నేను ఇరిగేషన్‌లో సీనియర్ అసిస్టెంటునండీ," అన్నారు నాన్న.

స్నేహితుడు నవ్వాడు. "కంప్యూటర్లో ఏదో మొక్కల గ్రూపటగా గురూ. మాకు చెప్పనే లేదు."

"ఓ, అదా. అది మా అమ్మాయి," అని నాన్న నన్ను పిలిచారు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే ఉన్నాను.

బ్యాంకాయన నన్ను చూసి, వాళ్ళ పెద్దమ్మాయి వయసే ఉంటుందన్నారు. స్నేహితుడు అందుకున్నాడు. "ఒక్క బటన్ నొక్కితే పోయేదానికి ఆయన్ని ఎండలో తిప్పావు కదమ్మా. నొక్కెయ్."

"అది దాని విషయం. ఈ ఇంట్లో నాకు ఫ్యాను స్విచ్చే ఇచ్చారు," అన్నారు నాన్న.

"నేనొక్క చెడ్డమాట అన్నానా అమ్మా? ఉంటే చూపించు. ప్రతిదానికీ అండీ పెట్టాను," అన్నారు బ్యాంకాయన.

మెయిల్లో అయితే ఏదో ఒకటి రాసేదాన్ని. భవానీపురం ఆవిడ తాను పైకి చదవలేకపోతున్నానన్న మాట గుర్తొచ్చింది. కంప్యూటర్ ఆ గదిలోనే ఉంది. ఆన్ చేసి, ఆయన ఉత్తరాలు వరసగా తీసి, "కొంచెం పైకి చదవండి అంకుల్," అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివినట్టు ధీమాగా మొదలుపెట్టారు. మొదటిదానికి స్నేహితుడు నవ్వాడు. రెండోదానికి నవ్వలేదు. మూడోది సగంలో ఉండగా, గుమ్మంలో నిలబడ్డ అమ్మ అడిగింది.

"ఆవిడ మిమ్మల్ని ఏమందండీ?"

"ఏమీ అనలేదమ్మా. ఏదో సరదాకి..."

"మరి మీరిన్ని రాస్తే తిరిగి ఏం రాసింది?"

ఆయన వెతికారు. కిందికీ పైకీ జరిపి చూశారు. నావేనండీ అన్న ఒక్క మాట తప్ప ఏమీ దొరకలేదు. మిగిలిన ఉత్తరాలు ఆయన చదవలేదు. స్నేహితుడు కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు.

లేస్తూ, "నెలంటే నెలేనా?" అన్నారు బ్యాంకాయన.

"నెలేనండీ."

మొక్క బల్ల మీద పెట్టారు. తీసుకెళ్ళమని చెప్పడం ఆ రోజు నాకు అన్నిటికంటే కష్టమైంది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు ఇచ్చింది వద్దనడం మా ఇంట్లో ఎరగం. "నెల దాటాక ఇవ్వండి," అన్నాను. ఆయన చిన్నగా నవ్వి కవరు చేతిలోకి తీసుకున్నారు. వాళ్ళు గేటు దాటాక అమ్మ, మంచి మొక్కే, అంది.

జరిగింది భవానీపురం ఆవిడకి నేను రాయలేదు. బ్యాంకాయన్ని చూసి వేళాకోళం అందుకున్న ఆ ఇద్దరూ ఎందుకో వాళ్ళంతట వాళ్ళే సర్దుకున్నారు. ఆ నెలంతా బ్యాంకాయన ఏమీ పంపలేదు. గులాబీల మీద ప్రశ్నలు జవాబుల్లేకుండా ఉండిపోయాయి. కొంతమంది గ్రూపు వదిలేశారు కూడా. మాస్టారు చెప్పిందే నిజమవుతుందేమోనని భయపడ్డాను.

గడువు తీరబోయే ముందు ఆయన ఉత్తరం ఒకటి నా దగ్గరికి వచ్చి ఆగింది. భవానీపురం ఆవిడకే రాశారు. మే నెలలో మొక్కలకి నీడ ఎలా ఇచ్చారు, ఈ ఏడు నావి సగం పోయాయి అని అడిగారు. నవ్వే బొమ్మ లేదు. ఇందులో ఎక్కడైనా ముల్లుందా అని తిప్పి తిప్పి చదివి, గ్రూపులోకి వదిలాను.

రెండు రోజులు ఏమీ రాలేదు. ఆ తర్వాత ఆవిడ జవాబు రాసి, చూసి గ్రూపులో పెట్టమని నాకే పంపింది, ఎప్పుడూ లేనంత పొడుగ్గా. డబ్బాలని తూర్పు గోడ వారకి జరపడం, గోనెపట్టాలు తడిపి పైన కట్టడం, ఎండ రాకముందే నీళ్ళు పోయడం అన్నీ వివరంగా చెప్పింది. చివర్లో, నమ్మకం కుదరకపోతే వచ్చి చూసుకోండి, మా ఆయన ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు అని, ఇంటి అడ్రసూ ఫోన్ నంబరూ ఇచ్చింది.

ఇళ్ళ అడ్రసులు గ్రూపులోకి వెళ్ళకూడదు. అది కూడా రూలే. ఆ రెండు లైన్లూ తీసేసి మిగతాది అందరికీ వదిలాను. అడ్రసు ఆయనకొక్కరికీ విడిగా పంపాను.