అక్క కాలి మీద సున్నం

"కావాలనే పోసినావు మే సున్నం నువ్వు."

"మందనుకుంటినక్కా, ఒట్టు."

నంద్యాల ఆస్పత్రిలో, ముసలితనాన మంచం పట్టిన అక్కా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలివి. మూడో రోజుకు అక్క పోయింది.

ఈ పొద్దున అక్క కూతురు మంగ, నేను చెబుతుంటే ఇది రాస్తున్న పిల్లే, బాత్రూం కడగడానికి యాసిడ్ పోసింది. ఆ ఘాటుకు మా ఆళ్లగడ్డ ఇల్లు గుర్తొచ్చింది.

మా నాయన బండలు పరిచేవాడు. బండలకంటిన సిమెంటు పోవడానికి యాసిడ్ సీసా ఇంట్లో ఉంచేవాడు. ఒకనాడు అక్కా నేనూ జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే సీసా పగిలి యాసిడ్ అక్క పాదం మీద పడింది. చీమ కుట్టినా, కందిరీగ కుట్టినా మా అవ్వ సున్నమే రాసేది. ఎనిమిదేళ్ల దాన్ని, నాకు తెలిసిన మందు అదొక్కటే. గోడలకని కుండలో నానేసి చల్లారిన సున్నం దోసిళ్లతో తెచ్చి ఆ పాదం మీద కొట్టాను. చల్లని సున్నం బుస్సుమని సెగలు కక్కింది. అక్క గొంతు చీరుకుపోయేలా అరిచింది. నాయన నన్ను డొక్కలో తన్ని, నీళ్ల బిందె ఎత్తి అక్క కాలి మీద కుమ్మరించాడు.

"నీళ్లు పోయల్ల మే, పాపిష్టిదానా! చంపుతాండావా దాన్ని?"

యాసిడూ సున్నమూ కలిస్తే రెండూ చచ్చి ఉప్పూ నీళ్లూ అవుతాయట. చచ్చేటప్పుడు వేడి కక్కుతాయట. బడిలో సైన్సు చెప్పే మంగ ఇప్పుడు చెబితే తెలిసింది. అక్క మాత్రం బతికినన్నాళ్లూ కుంటుతూ నన్ను తిట్టింది. నా మొగుడు చచ్చిననాడూ గడప తొక్కలేదు.

రాసింది చదువు మంగా. మీయమ్మ ఫోటో కాడ నిలబడి, గట్టిగా చదువు.