సైలెంట్‌ల ఉన్న మేనమామ

మొన్న మా మేనల్లుని పుట్టెంట్రుకలకు పోయిన. పోయిన్నంటే పోయిన, పోలేదంటే పోలే. ఎట్లనో ఇనుండ్రి.

మాది కోరుట్ల. నా దోస్తు మల్లేశంది మెట్‌పల్లి. దుబాయ్‌ల జపాన్ ఇంజనీర్ల కింద పనిజేసి ఈ మధ్యనే అచ్చిండు. నేను రోజంత ఫోన్ పట్టుకొనుడు జూసి అన్నడు: "జపాన్ల బస్సెక్కితే ఫోన్ సైలెంట్‌ల వెడ్తరట, ఒక్కడు మాట్లాడడట. మా రూంల ఫిలిప్పీన్సోళ్లయితే తినేటప్పుడు ఫోన్లన్ని ఒక బుట్టలేసేటోళ్లు. గందుకే ఆళ్ల దిమాక్ సల్లగుంటది. నీది పొయ్యి మీదున్నట్టుంటది."

మాట మనసుల వడ్డది. సిరిసిల్ల బస్సెక్కంగనే ఫోన్ సైలెంట్‌ల వెట్టి, పిలగానికి కొన్న కొత్త బట్టల కింద దాచిన. పక్క సీటాయన రీల్స్ చూస్తుండు, బస్సంత ఇనవడెటట్టు. ఆయనకు జపాన్ సంగతి చెప్పిన. ఆయన సౌండ్ ఇంకొంచెం పెంచిండు. నాకు కోపం రాలే. హాయిగ నిద్రవోయిన.

సిరిసిల్లల మా చెల్లె లత ఇంటికి పోతే తాళం. గద్దె మీద కూసున్న. పక్కింటామె బట్టలారేసుకుంట అడిగింది.

"ఎవలు కావాలె?"

"లత అన్నను. పిలగానికి మేనమామను."

"మేనమామ ఈడుంటే ఆడ ఎంట్రుకలెట్ల తీస్తరు? ఎల్లమ్మ గుడికాన్నే తియ్యాలని లత అత్తమ్మ పొద్దుగాల పట్టువట్టింది. అందరు ఎల్లంతకుంటకు పోయిర్రు. నీకు ఫోన్ చెయ్యలేదా?"

చేసిర్రు. మిస్డ్ కాల్స్ జరిపినకొద్ది అస్తనే ఉన్నయి. మన దిక్కు ముహూర్తం అయ్యగారు వెడ్తడు గని, జాగ మాత్రం సుట్టాలు బస్సెక్కినంక ఫోన్లనే ఖరారైతది. జపానోళ్లకు ఈ బాధ లేనట్టుంది.

మా ఇండ్లల్ల పిలగాడు మేనమామ ఒళ్లె కూసుంటెనే కత్తెర వెడ్తరు. ముహూర్తమేమొ దాటిపోవట్టె. లతకు చేసిన.

"ఏడున్నవే అన్నా?"

"మీ ఇంటి ముంగట."

అటునుంచి ఏడుపు ఇనవడ్డది. పిలగానిదా, దానిదా తెల్వలే. "మీ పుట్టింటోళ్లు గింతేనా అని మా అత్తమ్మ అందరి ముంగట అడుగుతుంది. ఏం జెప్పాలె నేను?"

వాళ్లాయన ఫోన్ గుంజుకున్నడు. "బావా, వీడియో కాల్ చెయ్యి. లత ఒళ్లె పిలగాడు, పిలగాని ముంగట నువ్వు. అయ్యగారినడుగుత."

అయ్యగారు తన ఫోన్ల ఇంకెవల్తోనో వ్రతం చేయిస్తుండట. మంత్రం ఆపకుంటనే, కానియ్యుండ్రని చెయ్యూపిండట.

ఎవలు చెప్పకున్నా నేను గద్దె మీద సక్లముక్లం వెట్టుకొని, ఉత్త ఒడి సాపుకొని కూసున్న. కత్తెర జూసి పిలగాడు గుక్కవట్టి ఏడుస్తుండు. నేను పిల్లిలెక్క అరిసిన, కుక్కలెక్క మొరిగిన. పక్కింటామె బట్టలు ఇడిసిపెట్టి నన్నే చూస్తుంది. ఆఖరికి వాడు కిలకిల నవ్విండు. గా నవ్వులనే కత్తెర వడ్డది.

"మేనమామ అక్కరకచ్చిండు తియ్యి" అన్నది లత అత్తమ్మ. లత మొఖం తేటవడ్డది.

ఆటో పట్టుకొని ఎల్లంతకుంట చేరెవరకు అందరు బంతిల కూసున్నరు. గుండు మీద గంధంతోని పిలగాడు ముద్దొస్తుండు. ఎత్తుకుందామని చేతులు సాపిన. వాడు నా మొఖం జూసి, తల్లి మెడ గట్టిగ వట్టుకొని లబలబ ఏడ్సిండు. నోట్ల ముద్ద కూడ ఉమ్మేసిండు.

లత నా దిక్కు జూసింది. "ఏమనుకోకే అన్నా. జెర గుడెనుకకు పోయి వీడియో కాల్ చెయ్యి. పిలగాడు రెండు ముద్దలు తింటడు."

పోయి చేసిన.